నారాయణ కొండ ప్రయాణం

పలమనేరు దగ్గరి ఆ పల్లెలో వరలక్ష్మమ్మ గురించి ఎవరినడిగినా ఒకటే చెప్తారు: ఆవుల్ని వదిలి ఒక్క పూట కూడా బయట ఉండని మనిషి. అక్క కూతురి పెళ్ళికి పోయి, తాళి కట్టగానే పాలు పిండే వేళైందని భోంచేయకుండా తిరిగొచ్చేసిందట. అలాంటి మనిషిని పర్యాటకురాలిగా రాసిన ఘనుణ్ణి నేనే.

నా పేరు జయరామ్. సర్వేలో కాంట్రాక్టు మనిషిని. దేశం సంపాదించే ప్రతి వంద రూపాయల్లో యాత్రల వల్ల వచ్చేది ఎంతో తేల్చాలట. అందుకని ఏడాదిలో ఊరు దాటి రాత్రి బస చేసినవాళ్ళను ఇంటింటికీ పోయి అడిగి, ఖర్చుతో సహా ట్యాబ్‌లో ఎక్కిస్తాను. ఆ నెల లెక్క పొసగలేదని నా ఫారాలు మూడు వెనక్కి వచ్చాయి. నాలుగోది వస్తే ఇంటికి పొమ్మని సూపర్‌వైజర్ నరేంద్ర ముందే చెప్పాడు.

వరలక్ష్మమ్మ కొట్టంలో పేడ ఎత్తుతూనే, తాము ఎక్కడికీ పోలేదని చెప్పింది. ఆసుపత్రికైనా పోలేదా అన్నాను. మా నిబంధనల ప్రకారం వైద్యానికి పోయి ఉన్నా పర్యాటకమే. ఆ నిబంధన రాసినవాడు ఏ ఆసుపత్రి వరండాలోనూ పడుకుని ఉండడు. ఆమె గంప దించి, చేతులు కడుక్కొని వచ్చి అరుగు మీద కూర్చుంది.

అయిదు నెలల కిందట తిరుపతిలో పందొమ్మిది రోజులున్నారట. భర్త నారాయణకు కాలేయం చెడింది. ఆసుపత్రికి చచ్చినా రానని మొండికేశాడు. వాళ్ళ నాయన అక్కడికి పోయి ప్రాణాలతో తిరిగి రాలేదు. అందుకని ఆమె, కొండకు పోదామంది. నమ్మించడానికి అతని కళ్ళముందే పసుపు గుడ్డలో రూపాయి బిళ్ళ పెట్టి ముడుపు కట్టింది. అతను తలకు పోసుకుని, ఉతికిన పంచె కట్టుకుని బస్సెక్కాడు. తిరుపతి బస్టాండు నుంచి ఆటో నేరుగా ఆసుపత్రికి పోయింది. మెట్లెక్కాలంటే ఒంట్లో సత్తువ ఉండాలి గదా, ముందు చూపించుకుందామని సర్దిచెప్పింది. వార్డు కిటికీలోంచి కొండ కనిపించేది. ఎప్పుడు పోదామని అతను రోజూ అడిగేవాడు. ఆమె రేపనేది. చివరికి శవాన్ని వ్యానులో ఊరికి తెచ్చుకుంది.

నేను ఆటో, లాడ్జి, మందులు, భోజనం అని ఒక్కొక్కటే అడిగి ఎక్కించాను. శవాన్ని తెచ్చిన వ్యాను బాడుగను తిరుగు ప్రయాణం గడిలో వేశాను. దానికి వేరే గడి లేదు. సిగ్గేసింది, అయినా వేశాను.

ప్రయాణం ఎందుకు చేశారనే ప్రశ్న ఒక్కటే మిగిలింది. ఆమె దేవుడి గూటి వైపు చూసింది. ముడుపు ఇంకా అక్కడే వేలాడుతోంది. చావు జరిగిన ఇల్లు గనక ఏడాది తిరిగేదాకా దాన్ని కొండకు చేర్చే వీల్లేదు.

“కొండకు పోయినామని రాయి నాయనా,” అంది. “ఆయప్పకి అబద్ధం సెప్పి తీసకపోయినాను. మీ కాయితంలోనన్నా ఆ మాట నిజం కానీ.”

పుణ్యక్షేత్ర దర్శనం అని నొక్కాను. వైద్యానికి అంత ఖర్చయితే ఇదెలాగని ట్యాబ్ ఎర్రగీత చూపించింది. నరేంద్ర ముఖం మెదిలింది. కూటి కోసం కోటి విద్యలంటారు, నాది ఈ విద్య. వైద్యం అని మార్చి పంపించేశాను.

ఆమెకు చదువు రాదు. ట్యాబ్ మీదికి వంగి, “రాసినావా నాయనా?” అనడిగింది.

“రాసినానమ్మా. కొండకనే రాసినాను.”

ఆమె లోపలికి పోయి, గోడకున్న నారాయణ ఫోటో ముందు నిలబడింది. “ఇన్నావా, నువ్వు కొండకు పోయినట్టు రాసినాడు,” అని చెప్పింది. తర్వాత నాకు చెంబు నిండా మజ్జిగ తెచ్చి ఇచ్చింది. తాగి వచ్చేశాను.