తుమ్మకంచె మీది ఉమ్మడి గూడు

నా చిన్నప్పుడు మట్టెవాడలోని మా నేత ఇంట్లో మనుషులకన్నా దారాలే ఎక్కువ. వీధి పొడవునా పడుగు దారాలు చాచి గంజి పట్టించే రోజున ఇంటిల్లిపాదీ పట్టుకుని నిలబడాలి. ఒక్క చెయ్యి వదిలినా దారాలన్నీ చిక్కుపడతాయి. ఆ చెయ్యి కోసమే నన్ను ఐదో తరగతిలో బడి మాన్పించారు. లెక్కల బాధ తప్పిందని మొదట సంతోషించాను. కొద్దిరోజులకే లెక్కల సారు మీద కూడా బెంగ పుట్టింది.

తొర్రూరులో మా అమ్మమ్మ ఇంటి దగ్గర బడి ఉంది, ఇంట్లో మగ్గం లేదు. ఒక సాయంత్రం సంచిలో రెండు జతల బట్టలు కుక్కుకుని, పెరటి తుమ్మకంచె సందులోంచి దూరబోయాను. అక్కడ మా మేనత్త కూర్చుని ఉంది. పెళ్ళైన ఏడాదికే పుట్టింటికి తిరిగొచ్చి, మగ్గం పనిలో పడి ఉండిపోయిన మనిషి.

"ఏడికి పోతానవే, సప్పుడు లేకుంట?"

ఇంట్లోవాళ్ళను పిలుస్తుందనుకున్నాను. పిలవలేదు. కంచె మీద ఎండుటాకులూ మిడతల రెక్కలూ అంటుకున్న మురికి గూడొకటి చూపించింది. పుల్లతో ఒక్క పోగు కదిపితే బూడిదరంగు సాలీళ్ళు గుంపుగా బయటికొచ్చాయి. తలా ఇంత దారం తీసి కట్టుకున్న ఇల్లట అది. అంతలో ఒక మిడత వచ్చి చిక్కుకుంది. తమకంటే ఎంతో పెద్దదాన్ని అవన్నీ కలిసి లోపలికి లాక్కుపోయాయి.

"వీటిల్ల పనిదొంగ ఏదత్తా? దానికి నా పేరు పెడదాం."

అత్త నవ్వి, ఒక సాలీడును పుల్ల మీదికెక్కించి పక్క కొమ్మ మీద వదిలింది. "ఇది గూడ నీలెక్కనే బయటపడ్డది. జర సూడు."

అది కొమ్మ చివరిదాకా పోయి ఆగింది. గూడేమీ కట్టలేదు. చాలాసేపు తచ్చాడి, గూటి నుంచి ఆ కొమ్మకు లాగి ఉన్న పోగు కాలికి తగలగానే దాని వెంబడే లోపలికి పోయింది.

"సూసినవా? ఒక్కతే ఎంత దారమని తీస్తది?"

"ఇష్టమయ్యి పోయిందా అత్తా, ఇంకో తోవ కనపడకనా?"

అత్త నవ్వు ఆగిపోయింది. "నన్నెవలు అడగలే బిడ్డా ఆ మాట," అని, కంచె సందుకు అడ్డం లేకుండా పక్కకు జరిగింది.

తొర్రూరు బస్సుకింకా టైముంది. లోపల ఎవరో నన్ను కేకేశారు. నా కాళ్ళు కేక వైపే తిరిగాయి. మళ్ళీ బడి ముఖం చూడలేదు.

ఇప్పటికీ ఫలానా మనిషి ఇంటినే అంటిపెట్టుకుని ఉందని ఎవరైనా మెచ్చుకుంటే, ఆమెకు వేరే తోవ ఉండిందా అని అడుగుతాను. ముసలిదానికి నోరెక్కువ అంటారు. అననీ, అడగకుండా మాత్రం ఉండలేను.