తండ్రి పేరు: అచ్యుతరామారావు

పదో రోజు పొద్దున కృష్ణ రేవులో ఆ గుండు కంటపడేదాకా, తన మొగుడి గురించి తనకు తెలియని సంగతి ఒకటుందన్న అనుమానమే జానకికి లేదు.

ఉండదు మరి. నలభై ఆరేళ్ళ కాపురం! అచ్యుతరామారావు మాస్టారు ఏ పక్కకి ఒత్తిగిలి పడుకుంటే ఒంట్లో బాగాలేనట్టో, చారులో ఉప్పు ఎక్కువైతే పైకి చెప్పకుండా ఎన్ని గ్లాసుల మజ్జిగ తాగుతాడో, అన్నీ ఆవిడకు కంఠోపాఠం. ఆడవాళ్ళు రేవుకి రావడం ఆ ఇంట ఆచారం కాదని బంధువులు ఎంత నసిగినా వినలేదు. "పోయింది నా మొగుడు. నేను రాకపోతే ఇంకెవరొస్తారు?" అని ఆటో పిలిపించుకుని మరీ వచ్చి మెట్లమీద కూర్చుంది. ఎదురు చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

పిల్లల్లేరు. అందుకని మరిది కొడుకు ప్రణవ్ కర్తగా కూర్చున్నాడు. బ్యాంకులో ఆఫీసరు, ఇలాంటివి ఎరగనివాడు. చెమటలు కక్కుకుంటూ శాస్త్రిగారు చెప్పినవన్నీ చేస్తున్నాడు. మెట్లమీద ముప్పైమంది దాకా ఉన్నారు. సగం మంది పాత ఉపాధ్యాయులు, సగం మంది కంకిపాడు వైపునుంచి వచ్చిన ఊరివాళ్ళు. ఆదివారం బడిలో సంతాపసభ పెట్టుకున్నారు. ఎవరు ఏం మాట్లాడాలో అక్కడే గుసగుసగా పంచుకుంటున్నారు.

మాట్లాడటానికి విషయం లేకనా? కంకిపాడు దాటాక కాలవగట్టున ఉన్న చిన్న బడిలో ఇరవై తొమ్మిదేళ్ళు పాతుకుపోయిన మనిషాయె. బదిలీ కాగితం వచ్చినప్పుడల్లా ఊరు ఊరంతా ట్రాక్టర్లెక్కి పోయి దాన్ని వెనక్కి తిప్పించుకొచ్చేది. జూన్ నెల వచ్చిందంటే అడ్మిషన్ రిజిస్టరు చంకన పెట్టుకుని, సైకిలెక్కి, ఇటుక బట్టీలూ చేపల చెరువులూ తిరిగేవాడు. బడి ఈడు పిల్ల కనబడితే చాలు, ఆ గట్టుమీదే పేరు రాసేసుకునేవాడు. "రేపు పంపిస్తాంలెండి" అన్న మాట చచ్చినా నమ్మేవాడు కాదు. రాసుకున్నాక పిల్ల బడికి రాకపోతే, వచ్చేదాకా వాళ్ళ గుమ్మంలో కదలకుండా కూర్చునేవాడు.

రిటైరై విజయవాడ వచ్చాకైనా కుదురుగా ఉన్నాడా? పొద్దున్నే వీధిలో ముసలమ్మలకు పింఛను దరఖాస్తులు రాసిపెట్టడం, మధ్యాహ్నం బస్సెక్కి ఆటోనగర్ పోయి భోజనాల వేళ మెకానిక్కులకు చదువు చెప్పడం. బుడమేరు పొంగినప్పుడు డెబ్బై మూడేళ్ళ వయసులో నడుంలోతు నీళ్ళలో పాలపాకెట్లు మోశాడు. ఆ రోజు జానకి తిట్టిన తిట్లు సింగ్‌నగర్ దాకా వినిపించే ఉంటాయి.

సరే, సరిగ్గా ధర్మోదకాల వేళకి ఒక మనిషి మెట్లు దిగి వచ్చాడు. నలభై రెండేళ్ళుంటాయి. ఎంత తోమినా గ్రీజు వదలని చేతులు. తడి పంచె. అప్పుడే గీయించుకున్న గుండుమీంచి నీళ్ళోడుతున్నాయి. తిన్నగా శాస్త్రిగారి దగ్గరికి పోయి, "నేనూ నీళ్ళు వదలాలండి" అన్నాడు.

"పోయినాయనకి ఏమవుతావు నాయనా?"

"కొడుకునండి."

 జానకికి ముందు కంగారేం పుట్టలేదు. రేవులో అటూ ఇటూ ఇంకో నాలుగు కుటుంబాలవాళ్ళు కూర్చున్నారు, పాపం దారి తప్పాడనుకుంది.

"బాబూ, ఇది అచ్యుతరామారావు మాస్టారిది" అని తనే చెప్పింది.

"తెలుసమ్మగారూ. ఆయనకేనండి. నా పేరు యేసుకుమార్."

ప్రణవ్ దర్భలు వదిలేసి లేచాడు. "ఏం మాట్లాడుతున్నావయ్యా? మా పెదనాన్నకి పిల్లల్లేరు! పొద్దున్నే తాగొచ్చావా?"

ఆ మనిషి గొడవ పడలేదు. గట్టుమీద పెట్టిన సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి చేతికిచ్చాడు. ప్రణవ్ చదివాడు.  కాగితం గబుక్కున మడిచి వీపు వెనక్కి పెట్టుకున్నాడు.

"ఇలా తే" అంది జానకి.

"ఎందుకులే దొడ్డమ్మా, తర్వాత..."

"తే అన్నానా!"

పదో తరగతి సర్టిఫికెట్. కళ్ళజోడు సర్దుకుని చదివింది. తండ్రి పేరు దగ్గర అచ్యుతరామారావు అని అచ్చులో ఉంది, ఇంటిపేరుతో సహా. పుట్టిన ఏడు ఎనభై మూడు. రెండోసారి కడుపు పోయి తను గుడివాడలో పుట్టింట్లో మంచం పట్టిన ఏడు!

 తను మెట్టు మీద ఉందో నీళ్ళలో ఉందో జానకికి తెలియలేదు. అంటే, తను అక్కడ పక్కమీద పడి ఏడుస్తున్నప్పుడు ఈ మనిషి ఇక్కడ... ఛీ! అంత నమ్మిన మనిషి, చీమకు అపకారం చేయని మనిషి! అక్కడికి పోయిన ఆలోచనని వెనక్కి లాక్కుందామంటే రాలేదు.

తలెత్తేసరికి యేసుకుమార్ వెనక ఇంకో మూడు గుండ్లు. వాళ్ళ పక్కన ముప్పై ఐదేళ్ళ ఆడమనిషి, చామనఛాయ, చీర కుచ్చెళ్ళు తడిసి ఉన్నాయి.

"వీళ్ళెవరు?" అంది. 

"మావాళ్ళేనండి. ఈవిడ రామతులసి, పెద్దాసుపత్రిలో నర్సు. మేం మొత్తం పదకొండు మందిమండి. మిగతావాళ్ళకి సెలవు దొరకలేదు."

పదకొండు! ఒక్కడంటే ఏడ్చేదేమో, తిట్టేదేమో. పదకొండు మంది అనేసరికి ఏడుపూ రాలేదు, తిట్టూ రాలేదు.  వెనక మెట్లమీద చెవులు కొరుక్కోవడం మొదలైంది. ఎవరో ఆడమనిషి "అమ్మో అమ్మో, మాస్టారే!" అనడం స్పష్టంగా వినబడింది.

అప్పుడు లేచాడు వెంకటకృష్ణారావు. మాస్టారితో పాటు అదే బడిలో లెక్కలు చెప్పినాయన, కంకిపాడు రైతు కుటుంబం. ఆవిడ పక్కన కూలబడి, గొంతు తగ్గించి అన్నాడు:

"చెల్లెమ్మా, నువ్వనుకునేది కాదు. మనసు పాడు చేసుకోకు. తప్పు నాది కూడా, నోరు మూసుకుని కూర్చున్నాను."

"చెప్పండి."

"ఆ రోజుల్లో రిజిస్టర్లో తండ్రి పేరు ఖాళీగా పెడితే ఇన్‌స్పెక్షనుకి వచ్చినాయన మా ప్రాణం తీసేవాడు. బట్టీల్లో పనిచేసే ఆడవాళ్ళని అడిగితే కొందరు తల దించుకునేవాళ్ళు. వదిలేసి పోయినోడి పేరు చెప్పనని కొందరు, చెప్పటానికి పేరే లేక కొందరు. ఈ యేసుకుమార్ తల్లినీ మాస్టారు అలాగే అడిగాడు. ఆమె మాట్లాడలేదు. చుట్టూ చేరినోళ్ళు కిసుక్కుమన్నారు. ఈయనకి ఎక్కడ లేని కోపం వచ్చింది. జేబులో పెన్ను తీసి, తన పేరు రాసి, రిజిస్టరు మూసేశాడు. నేను పక్కనే ఉన్నా."

"మీరేమీ అనలేదా అన్నయ్యగారూ?"

"అనకేం? 'ఇది రిజిస్టరండీ, ఒకసారి పడితే చచ్చేదాకా వాడి కాగితాలన్నిట్లో ఇదే పేరు' అన్నాను. 'పడనీవయ్యా, తగువుకి రావటానికి నాకేం పిల్లాజెల్లా ఉన్నారా' అన్నాడు. ఆ తర్వాత ఏడాదికొకరు, రెండేళ్ళకొకరు."

"వీడి పేరు రాసింది ఎప్పుడు?"

"ఎనభై తొమ్మిది జూన్."

అనుమానం పోయింది. పోయిన చోట ఇంకోటి వచ్చి కూర్చుంది, అది అంతకంటే ఘోరంగా ఉంది.

ఎనభై ఎనిమిదిలో జానకి పినతల్లి కూతురు పురిట్లో పోయింది. ఆ పసిగుడ్డుని మనం తెచ్చుకుందామండీ అని ఆయన కాళ్ళావేళ్ళా పడింది తను. వారం రోజులు అన్నం ముట్టలేదు. "బడి నిండా పిల్లలేగా జానకీ, ఇంకొకళ్ళెందుకు?" అని నవ్వి ఊరుకున్నాడు. ఆ పిల్ల ఏలూరులో ఎవరింటికో పెంపకానికి పోయింది. ఆ నవ్వు ఓదార్పనుకుంది జానకి, ముప్పై ఏడేళ్ళూ అదే అనుకుంటూ బతికింది. ఏడాది తిరక్కుండానే ఈయన బట్టీకి పోయి కొడుకుని రాసుకొచ్చాడన్నమాట!

"నాకు ఒక్కదాన్ని ఇవ్వలేదు అన్నయ్యగారూ" అంది. "ఒక్కదాన్ని! తను మాత్రం పదకొండు మందిని రాసుకున్నాడా?"



ఈలోగా ప్రణవ్ వచ్చి చెవిలో మొదలుపెట్టాడు. "దొడ్డమ్మా, జనం ఏమనుకుంటున్నారో వినబడుతోందా? వీళ్ళని ఎలాగోలా పంపించేద్దాం. లేదంటే ఉన్న సంగతి అందరికీ చెప్పేద్దాం, పెదనాన్న పరువు దక్కుతుంది."

"ఉన్న సంగతి చెపితే ఏమవుతుందో ఆలోచించావా బాబూ?" అన్నాడు వెంకటకృష్ణారావు. "వాళ్ళ సర్టిఫికెట్లు అబద్ధమని ముప్పైమంది ముందు మన నోటితో మనం చెప్పినట్టే. ఆ అమ్మాయిది గవర్నమెంటు ఉద్యోగం. వీడి పిల్లల కాగితాలన్నీ ఆయన ఇంటిపేరుమీదే నడుస్తున్నాయి. ఒక్కడు అర్జీ పెడితే చాలు."

జానకికి లెక్క తేలిపోయింది. నిజం చెపితే వీళ్ళు మునుగుతారు. చెప్పకపోతే ఆయన మునుగుతాడు, ఆయనతో పాటు తనూ. ఇంత చిక్కుముడి వేసి, ఒక్క మాట చెప్పకుండా, నిద్రలోనే దాటిపోయాడు మహానుభావుడు.

యేసుకుమార్ దూరంగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వాణ్ణి దగ్గరికి పిలిచింది.

"ఆటోనగర్‌లో ఆయన చదువు చెప్పే షెడ్డు నీదేనా?"

"నాదేనండి. లారీ బాడీలు కడతాం. మాస్టారు మధ్యాహ్నాలు మా దగ్గరికే వచ్చేవారు. మీ క్యారేజీ అందరం పంచుకునేవాళ్ళమండి."

పన్నెండేళ్ళు! "ఆకలెక్కువైంది జానకీ, ఇంకో గిన్నె పెట్టు" అంటే నిజమనుకుని, ఈ వయసులో ఇంత తింటే అరుగుతుందా అని బెంగపడుతూ పెట్టింది.

"నాకెందుకు చెప్పలేదురా మీరెవరూ?"

"ఒట్టు వేయించుకున్నారండి. నేనొకసారి గట్టిగా అడిగాను. 'ఆవిడ ఒక్క బిడ్డని అడిగితే కాదన్నాను, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెప్పను?' అన్నారు. అప్పుడెందుకు కాదన్నారో అడిగితే లేచి క్యారేజీ సర్దుకున్నారండి. ఆ రోజు చదువు కూడా చెప్పకుండా వెళ్ళిపోయారు."

 అంటే ఆయనకు తెలుసు. తను మరిచిపోలేదని తెలుసు. పక్కనే పడుకుని, ఒకే పళ్ళెంలో ఫలహారాలు తిని, లోపల అంత పెట్టుకుని తిరిగాడు.  కట్టెల్లో కాలిపోయినవాణ్ణి మళ్ళీ లేపి కడిగెయ్యాలనిపించింది.

"వద్దంటే వెళ్ళిపోతామండి" అన్నాడు యేసుకుమార్. "మీ మాటెంతో అంతే."

"ఒక పని చెయ్యి" అన్నాడు ప్రణవ్, దారి దొరికినట్టు. "శిష్యుణ్ణని చెప్పి వదులు. శిష్యులు కూడా వదలొచ్చు. ఎవరికీ ఇబ్బంది ఉండదు."

"అలాగేనండి. శిష్యుణ్ణే" అన్నాడు. మోకాలి లోతు నీళ్ళలోకి దిగి దోసిలి పట్టాడు. ప్రణవ్ ఊపిరి పీల్చుకున్నాడు. శాస్త్రిగారు నువ్వులు పోస్తూ, అందరినీ అడిగినట్టే అడిగారు:

"నీ గోత్రం ఏమిటి నాయనా?"

యేసుకుమార్ మాట్లాడలేదు. ఏమని మాట్లాడతాడు? దోసిట్లో నీళ్ళు కారిపోతున్నాయి. తల దించుకున్నాడు. మెట్లమీద ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆ నవ్వుకి జానకి లేచింది. వెంకటకృష్ణారావు భుజం ఊతంగా పట్టుకుని నిలబడింది.

"కౌండిన్యస గోత్రం శాస్త్రిగారూ" అంది, ఆ చివరి మెట్టుమీద వాళ్ళకి కూడా వినబడేటట్టు. "ఆయన గోత్రమే. శిష్యుడు కాదు, కొడుకు. ఆ ముగ్గురూ కొడుకులే. ఆ అమ్మాయి కూతురు. ఇంకా ఆరుగురు రావాలి. ఎవరన్నా నవ్వాలంటే నా ముందుకొచ్చి నవ్వండి."

"దొడ్డమ్మా!" అన్నాడు ప్రణవ్, నెత్తిన పిడుగు పడ్డట్టు.

"ఆదివారం సభలో అడిగినా ఇదే చెపుతాను. నువ్వు నీ పని చూసుకో."

ఎవరూ నవ్వలేదు.  పాత ఉపాధ్యాయుల్లో ఇద్దరు చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. వాళ్ళు ఊళ్ళో ఏం చెప్పబోతున్నారో జానకికి తెలుసు. పోనీ అనుకుంది. శాస్త్రిగారు మళ్ళీ నువ్వులు పోశారు. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు నీళ్ళు వదిలారు. రామతులసి వంతు వచ్చినప్పుడు, ఆడపిల్లని కదా, నేనూ వదలొచ్చా అన్నట్టు జానకి వైపు చూసింది. వదలమని జానకి చెయ్యి ఊపింది.

యేసుకుమార్ తడి బట్టలతో వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. వెక్కిళ్ళు ఆగడం లేదు. "అమ్మా..." అన్నాడు.

"ఆగు. ఆ మాట అప్పుడే అనకు" అంది జానకి. "ఆయనమీద నాకు పీకలదాకా కోపం ఉంది. అది ఇవాళా రేపట్లో తీరేది కాదు. ఈ దినాలయ్యాక పదకొండు మందినీ ఇంటికి తీసుకురా. మీతో ఏం మాట్లాడేవాడో, ఏం తినేవాడో, ఎవరి పెళ్ళికి ఎక్కడ నిలబడ్డాడో, అంతా కూర్చోబెట్టి చెప్పాలి. సగం మొగుడు మీ దగ్గర ఉండిపోయాడురా నాకు. ఆయన్ని తెచ్చి నాకు అప్పజెప్పండి."