వాల్వు గుంతలో పెద్దమనిషి

నీళ్ల స్టేషన్లో అతన్ని అందరూ నిదానం అనేవారు. అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఇంకెవరికీ పనికిరాలేదు. ఇల్లు అంటుకుందన్నా చెప్పులు వెతుక్కుని మరీ బయటికొచ్చే రకం. నీళ్లు వడగట్టే తొట్లలో ఇసుక మార్చడం అతని ఉద్యోగం. పాముల్ని చూడటం అతని పిచ్చి. ఎవరూ నేర్పలేదు. పదిహేనేళ్ల కిందట పాత పైపుల కుప్ప పక్కన ఒక జెర్రిపోతు ఎలుకను మింగుతుంటే, పూట పనంతా మరిచిపోయి చూస్తూ నిలబడ్డాడు. మేస్త్రీ తిట్టిన తిట్లు ఆ సాయంత్రానికే మరిచాడు గానీ, ఆ పూటను మాత్రం మరవలేదు.

పట్టడు, పొడవడు, పక్కన నిలబడి ఫొటో దిగడు. పది అడుగుల ఇవతలే ఆగిపోతాడు. పాముకూ దాని కలుగుకూ మధ్య ఎన్నడూ నిలబడడు. రాయి తిప్పాల్సివస్తే కొక్కెం కర్రతో అవతలి అంచు పట్టి తన వైపు లేపుతాడు. కింద ఏమున్నా దానికీ తనకూ మధ్య రాయే అడ్డం. చూడటం అయ్యాక రాయిని ఉన్నది ఉన్నట్టు దించుతాడు. కన్ను వెళ్లని చోటికి చెయ్యి వెళ్లకూడదని అందరికీ చెప్పి చెప్పి నోరు అరగదీసుకున్నాడు.

"మీ ఆవిడ మొహమన్నా ఏనాడైనా ఇంతసేపు చూశావా బామ్మర్దీ?" అని అక్క మొగుడు ఎగతాళి చేసేవాడు.

"ఆవిడ చూడనిస్తే కదా బావా! ఇదైతే ఏమీ అనదు."

మూడు చలికాలాలుగా అతను చూస్తున్నది ఒక రక్తపింజరిని. మోచేతి లావు, ఒంటి మీద గొలుసుల్లా మచ్చలు. ఎంత దర్జాగా కదులుతుందో చూసి దానికి పెద్దమనిషి అని పేరు పెట్టాడు. దాని మకాం, ఊరికి పోయే నీళ్లు ఆపే చక్రం ఉన్న వాల్వు గుంతలో. పొద్దెక్కితే మూత పగులులోంచి బయటికొచ్చి, పాతిక అడుగుల దూరంలో విరిగిన రాతి పలకల మీద ఎండ కాచుకునేది. రోజూ సాయంత్రం నిదానం ఆ మూత చుట్టూ సన్నటి ఇసుక పోసి, చెక్కతో అద్దంలా చదును చేసేవాడు. పొద్దున ఎవరైనా దిగే ముందు జాడ చదివేవాడు. "లోపల" అంటే ఆ మూత జోలికి ఎవరూ పోరు. "బయట" అంటే గుంతలో దిగి పని చేసుకుంటారు. మూడేళ్లుగా ఆ ఒక్క మాట మీదే అందరూ కాలు పెడుతున్నారు. ఒక్కసారీ తప్పలేదు.

ఆ రోజు పల్చటి ఎండ వచ్చినా మంచు ఇంకా పూర్తిగా విడలేదు. బజారులో పెద్ద పైపు పగిలి నీళ్లు ఇళ్లలోకి ఎక్కుతున్నాయని ఇంజనీరు ఫోను మీద ఫోను. నీళ్లు ఆపడానికి వాల్వు కట్టాల్సింది అదే స్టేషన్లో పనిచేసే నిదానం అక్క. ఇరవై ఏళ్లుగా ఆ చక్రాలు తిప్పీ తిప్పీ చేతులు కాయలు కాసిన మనిషి.

నిదానం ఇసుక చూశాడు. లావుపాటి జాడ ఒక్కటే, బయటికి. అయినా నమ్మకుండా దుర్భిణి తీసి పలకల వైపు చూశాడు. చుట్ట చుట్టుకుని, నిమ్మకు నీరెత్తినట్టు పడుకుని ఉంది.

"అక్కా, పెద్దమనిషి ఎండకొచ్చాడు. దిగు."

"సరిగ్గా చూశావా?"

"నా కళ్లెదురుగానే ఉన్నాడు. వెనక్కి రాకుండా నేను చూస్తూనే ఉంటాలే."

ఆమె మూత జరిపి ఇనప మెట్లు దిగింది. నిదానం గుంతకు వీపు పెట్టి పలకల మీదే చూపు నిలిపాడు. పాము కదల్లేదు. మంచులో స్టేషన్ అంతా ఊపిరి బిగబట్టినట్టుంది.

"ఒరేయ్, ఇక్కడేదో కారుతున్నట్టుందిరా," గుంతలోంచి అక్క గొంతు వచ్చింది. "కుక్కర్లో ఆవిరి పోయినట్టు బుస్సుమంటోంది."

ఆ చప్పుడు అతనికీ వినిపించింది. దుర్భిణిలో చూస్తే పలకల మీది పాము డొక్కలు ఎగరడం లేదు. నోరు మూసే ఉంది. బుస దానిది కాదు.

ఒకటనుకున్నవి రెండు. ఒకటి ఎండకొచ్చిన ప్రతి పొద్దూ రెండోది లోపలే ఉండి ఉంటుంది. అన్నిసార్లూ "బయట" అని చెప్పింది తనే. అన్నిసార్లూ మనుషులు దిగారు. తను కూడా దిగాడు, వట్టి చేతులతో బురద తోడాడు.

"అక్కా, కదలకు. చెయ్యి ఎక్కడుంది?"

"చక్రం మీద పెట్టబోతున్నా."

"పెట్టకు."

అంచున బోర్లా పడుకుని టార్చి వేశాడు. చక్రం వెనక, ఆమె కుడి చేతికి మూరెడు దూరంలో, మెడ కొడవలిలా వంచి ఉంది రెండోది.

"ఎక్కడరా?" ఆమె పెదవులు మాత్రమే కదిలాయి.

"చక్రం వెనక. చెయ్యి వెనక్కి తీసుకో. ఇంకా మెల్లగా. ఇంకా."

"మెల్లగానే తీస్తున్నా. గుండే ఆగనంటోంది."

చెయ్యి ఛాతీకి చేరింది. కాలు మెట్టు వెతుక్కుంది. బుస ఆగి, మళ్లీ మొదలైంది. ఆగినప్పుడే నిదానానికి ఎక్కువ భయమేసింది. నాలుగు మెట్లు ఎక్కడానికి ఎంతసేపు పట్టిందో ఇద్దరికీ తెలీదు.

పైకొచ్చి నేల మీద కూలబడింది. "బయటికొచ్చిందన్నావు కదరా!"

"వచ్చింది అక్కా. అదిగో చూడు."

ఆమె పలకల వైపు చూసింది. తర్వాత గుంత వైపు చూసింది.

గుంతలోకి ఏటవాలుగా ఒక చెక్క పలక దింపి, ఇద్దరూ దూరంగా నిలబడ్డారు. దాన్ని తరమలేదు. అక్క ఫోను మోగుతూనే ఉంది. గంటన్నరకు రెండోది పలక పట్టుకుని పైకి పాకింది. ఇసుక మీద మొదటి జాడ పక్కనే మరో జాడ గీసుకుంటూ ఎండలోకి పోయింది.

మళ్లీ ఫోను. "కట్టేశారా? మోకాళ్ల దాకా నీళ్లొచ్చాయి!" ఇంజనీరు కేకలు నిదానానికీ వినిపిస్తున్నాయి.

అక్క ఫోనుకు అరచెయ్యి అడ్డం పెట్టింది. "ఇప్పుడు దిగొచ్చా?"

నిదానం కర్ర చివర అద్దం కట్టి గుంతలోకి దించాడు. చక్రం వెనక ఖాళీ. పైపు కింద ఖాళీ. అవతలి మూల, తూము నోటి దగ్గర చీకటి. అక్కడికి అద్దం అందలేదు. కర్ర మార్చి పట్టుకున్నాడు. అయినా అందలేదు.

"చెప్పరా. బయటా, లోపలా?"

"తెలీదక్కా," అన్నాడు.

ఆమె అతని మొహం చూసింది. ఫోను చెవి దగ్గర పెట్టుకుంది.

"లేదు సార్, ఇంకా కట్టలేదు. ఇళ్లలో వాళ్లను మేడల మీదికి ఎక్కించండి."