ఆలాపన మధ్యలో రమ్మీ

రిటైరయ్యాక సంగీతం నేర్చుకుంటున్నాను. మొన్న శ్రీరామనవమికి బ్రూక్‌ఫీల్డ్‌లోని మా అపార్ట్‌మెంట్లో మొదటిసారి నలుగురి ముందు పాడాలి. అంతకుముందే మా అబ్బాయి నా ఆండ్రాయిడ్ మాన్పించి ఐఫోన్ ఇచ్చాడు. తంబూరాలా మోగే నా పాత శ్రుతి యాప్ ఇందులో దొరకలేదు. ఉచితంగా దొరికినదొకటి పెట్టుకుని, కాల్స్ రాకుండా నెట్టుతో సహా అన్నీ ఆపి సాధన చేశాను.

ఆ రోజు హడావిడిలో నెట్టు ఆపడం మరిచాను. మోహన ఆలాపనలో పై షడ్జం అందుకోగానే శ్రుతి ఆగి, మైకులో ఒక ఆడగొంతు, “రండి, రమ్మీ ఆడండి, లక్షలు గెలవండి” అంది.

“ఏం సార్, రాములోరికే పేక పంచతా ఉండారే?” అన్నాడు ముందు కూర్చున్న పొరుగాయన. హాలంతా నవ్వు.

ఎలాగో పాట ముగించాను. దేవుడి ముందు పాడేవాడి గొంతు నొక్కి పేకాట అమ్ముకునే ఆ తెలివికి ఓ దణ్ణం పెట్టాను. యాప్ తీసేశాను. కానీ లిఫ్టులో ఎదురైనవారెవరూ నా పాట సంగతి ఎత్తరు. “రమ్మీలో ఎంతొచ్చింది సార్?” అనే అడుగుతారు.