కుండలో రంగు రాలేదు

తుఫాను దాటిన ఐదో రోజు ఉదయం ఏడు గంటలకు మా లారీ పలాస చేరింది. అక్కడి నుంచి కంచిలి వైపు జీడి, కొబ్బరి తోటల్లోని ఒక ఊరికి పంతొమ్మిది కిలోమీటర్లు. నాలుగు గంటలు పట్టింది. అడ్డంగా పడిన కొబ్బరి చెట్లను రంపంతో కోసుకుంటూ వెళ్లాం. సైన్యం నుంచి మేం ముగ్గురం: రేడియో ఆపరేటర్, కోటబొమ్మాళికి చెందిన డ్రైవర్, నీటి శుద్ధి బాధ్యత గల హవల్దారునైన నేను. సామగ్రి ఒక పంపు, ఐదు వేల లీటర్ల కాన్వాసు ట్యాంకు, నాలుగు కుళాయిలు, బ్లీచింగ్ పొడి, క్లోరిన్ పరీక్ష పెట్టె.

బోరు నీటిని ట్యాంకుకు ఎక్కించి క్లోరిన్ కలిపేవాళ్లం. ఉదయం ఆరుకు, సాయంత్రం నాలుగుకు కుళాయి నీటిలో పరీక్ష చుక్కలు వేసేవాణ్ణి. పసుపు రంగు వస్తే క్లోరిన్ చాలినంత ఉన్నట్టు. ప్రతిసారీ వచ్చింది. అయినా మేం వచ్చిన నాలుగో రోజు సాయంత్రానికి ఒక్క వీధిలోనే పదకొండు మందికి వాంతులు, విరేచనాలు.

రేడియోలో మా పై అధికారి సుబేదార్ సాబ్ అడిగారు. “కుళాయిలో రంగు వస్తోందా?”

“వస్తోంది సాబ్.”

“అయితే తప్పు మనది కాదు. అక్కడివాళ్ల అజ్ఞానం. రేపు పన్నెండుకు సర్దుకుని రండి.”

ఆ మాట నాకు మింగుడుపడలేదు. పెట్టె పట్టుకుని ఆ వీధిలో నూకమ్మ ఇంటికి వెళ్లాను. ఆమె జీడి గింజలు కొట్టే కూలి. జీడి నూనెకు వేళ్లు నల్లబారాయి. కోడలు నులకమంచం మీద ఉంది. కళ్లు లోతుకు పోయాయి. ఉప్పు, పంచదార కలిపిన నీళ్లు కూడా కడుపులో నిలవడం లేదు. వసారాలో మూత లేని కుండ. నూకమ్మ మణికట్టు దాకా ముంచి గ్లాసుతో నీళ్లు తీసింది. చుక్కలు వేశాను. రంగు రాలేదు.

“ఇవి మా ట్యాంకు నీళ్లేనా అమ్మా?”

“సగం మీ నీల్లు, సగం మా నూతి నీల్లు. ఆ మందు కంపుకి కిడ్నీలు పోతాయంటన్నారు. మా ఆయన ఆ రోగంతోనే పోనాడు. నీకేటి తెల్సు బాబూ?”

ఆ వీధి నూతికి ఎనిమిది అడుగుల దూరంలో మరుగుదొడ్డి గుంత. వరద రెండింటి మీదుగా పారింది. మా క్లోరిన్‌ను ఆ మురికి తినేసింది.

“ఈ ఊళ్లలో కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో నాకు తెలియదు. మీ కోడలి జబ్బు ఎందుకొచ్చిందో తెలుసు,” అన్నాను. విషయం చెప్పాను.

“మరిన్నాల్లూ సెప్పలేదేటి?”

కుళాయిని ఏడుసార్లు పరీక్షించాను. ఒక్క కుండనూ చూడలేదు. ఏం కలుపుతున్నామో, ఎందుకో ఎవరికీ చెప్పలేదు. అజ్ఞానం మా లారీలోనే వచ్చింది.

రేడియో అందుకున్నాను. “రేపు బయలుదేరం సాబ్. మూడు రోజులు కావాలి.”

“ఇది ఆజ్ఞ.”

“ధిక్కరించానని రాసుకోండి.”

“అయిపోనారు సార్ మీరు,” అని డ్రైవర్ నవ్వి కత్తి తీశాడు. కుండలో చెయ్యి ముంచే పని లేకుండా, కొబ్బరి చిప్పలకు వెదురు కాడలు బిగించి ఇంటికో పొడుగు గరిటె చేశాడు.

“ఏటి బావా, ఎవలి పెల్లికి ఇన్ని గరిటెలు?” అని వీధివాళ్లు అడిగారు.

“మీ బేదుల్ని సాగనంపడానికే.”

నేను గుమ్మం గుమ్మానికీ వెళ్లి, కుళాయి నీటినీ కుండ నీటినీ పక్కపక్కన పెట్టి చుక్కలు వేసి చూపించాను. నూతి మీద తడిక కట్టింది నూకమ్మే. మా నీళ్లను మూతపెట్టి గంటసేపు ఉంచి, వాసన తగ్గాక అందరి ముందూ తాగిందీ ఆమే.

మూడో రోజు కోడలు గోడకు ఆనుకుని గంజి తాగింది. ఆ వీధిలో కొత్తగా ఇంకెవరూ జబ్బు పడలేదు. మర్నాడు టెక్కలి మీదుగా వెనక్కి వచ్చాం.

యూనిట్‌లో సంజాయిషీ అడిగారు. “పరీక్ష కుండలో చేయాలి. నేను ఆలస్యంగా చేశాను,” అని రాశాను. మందలింపు నా సర్వీసు పుస్తకంలో ఉంది. దాన్ని తొలగించమని నేనెన్నడూ అడగలేదు.

ఆ రోజు ఊళ్లోంచి మా లారీ కదిలినప్పుడు నూకమ్మ తలెత్తి చూడలేదు. కోడలికి నీళ్లు తీస్తోంది. నల్లబారిన ఆ వేళ్లు వెదురు కాడ పై కొసన ఉన్నాయి. కుండలో చిప్ప ఒక్కటే మునిగింది.