గోవిందప్ప పేరు మీద నమోదైన కాలు

2007లో నేనూ నా స్నేహితురాలు షమీమ్ కలిసి మదనపల్లెలో చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు నడిపేవాళ్ళం. బెంగళూరు బస్టాండు దగ్గర మందుల షాపు పైన రెండు గదులు. మెట్లు నిటారుగా ఉండేవి. పెద్ద కంపెనీల పనులు మా దాకా వచ్చేవి కావు. క్రీడాపోటీలు పెట్టే క్లబ్బులు, రైతులకు శిక్షణ ఇచ్చే సంఘాలు, వైద్య శిబిరాలు జరిపే ట్రస్టులు మా ఖాతాదారులు. వాళ్ళ కార్యక్రమానికి ఎవరెవరు వస్తారో ముందుగానే ఇంటర్నెట్‌లో పేర్లు నమోదు చేసుకుని, టోకెన్ ఇచ్చే సాఫ్ట్‌వేర్ తయారుచేయడం మా పని. దీన్నే ఈవెంట్ రిజిస్ట్రేషన్ అంటారు. చూడటానికి చిన్న పనే. ఒక ఫారం, ఒక రసీదు, వెనక పేర్లన్నీ దాచిపెట్టే డేటాబేస్.

ఆ ఏడాది పుంగనూరు నుంచి రామచంద్రయ్య అనే బట్టల వ్యాపారి మా ఆఫీసుకు వచ్చాడు. ఆయన ఒక సేవా ట్రస్టుకు అధ్యక్షుడు. కాళ్ళు పోగొట్టుకున్నవాళ్ళకు ఉచితంగా కృత్రిమ కాళ్ళు పెట్టించే శిబిరం తలపెట్టారు. బయటి నుంచి టెక్నీషియన్లు పరికరాలతో వచ్చి, కొలతలు తీసుకుని, అక్కడికక్కడే కాలు తయారుచేసి తొడిగి పంపుతారు. వాళ్ళు ఉండేది కొద్ది రోజులే కాబట్టి ఎవరు ఏ రోజు రావాలో ముందే తేలాలి. అందుకు మా సాఫ్ట్‌వేర్ కావాలి.

మేం ఇష్టంగా చేశాం ఆ పని. ఏ కాలు పోయింది, మోకాలికి పైనా కిందా, ఎన్నాళ్ళయింది అని ఒక్కొక్క ప్రశ్నా ఆలోచించి పెట్టాం. ఫోన్ నంబరు దగ్గర మాత్రం అధ్యక్షుడికీ మాకూ మాట కుదరలేదు. ఆ గడిని మ్యాండేటరీ చేయమన్నాడు. అంటే అది నింపకపోతే ఫారం ముందుకు కదలదు.

"ఫోన్ లేనివాళ్ళు చాలామంది ఉంటారు సార్," అన్నాను.

"ఫోన్ లేనోడు ఈ కాలంలో ఎవుడుండాడమ్మా? ట్రస్టు పేరుతో మెసేజీ పోవాల అందరికీ. నంబరు లేకుంటే ఎట్లా?" అన్నాడు.

చివరికి ఆయన చెప్పినట్టే చేయాల్సి వచ్చింది.

నమోదు మొదలైన రోజు నేను కుప్పంలో ఉన్నాను. అక్కడ మురుగేశు అనే ఆయనకు ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. ఫారం ఎలా నింపాలో ఆయనకు చూపిస్తుండగా ఒక మనిషి చంక కర్రలతో, పక్కన భార్యతో లోపలికి వచ్చాడు. పేరు గోవిందప్ప. గ్రానైట్ క్వారీలో రాయి జారి మీద పడి, ఎడమ కాలు మోకాలి కింది నుంచి తీసేశారు. ఒకప్పుడు మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి అని చూస్తేనే తెలుస్తుంది. ఫోటో తీయాలి, ఇటు చూడమన్నాను.

"మొగం కావాల్నా, కాలు కావాల్నా మేడమ్?" అన్నాడు నవ్వుతూ.

"మొగమే అన్నా."

"అట్లయితే కొంచెం ఆగండి," అని భార్య లక్ష్మమ్మ కొంగుతో మొహం తుడుచుకున్నాడు. ఆమె సిగ్గుపడుతూ, "ఈయనకి ఇప్పుడే పెండ్లిసూపులు," అంది. అందరం నవ్వాం. కాలు వచ్చాక ఏం చేస్తావని అడిగితే, క్వారీ పనికి మళ్ళీ పోలేను గానీ మేస్త్రీ వాచ్‌మన్ పని ఇస్తానన్నాడని, నిలబడి తిరగగలిగితే చాలునన్నాడని చెప్పాడు.

ఫోన్ నంబరు దగ్గరికి వచ్చేసరికి వాళ్ళకు లేదు. మురుగేశు మారు మాట్లాడకుండా తన నంబరు కొట్టి ఫారం ముందుకు జరిపాడు. ఆ సాయంత్రమే రామచంద్రయ్యకు ఫోన్ చేసి జరిగింది చెప్పి, ఆ షరతు తీసేద్దామన్నాను. "ఒకరిద్దరి కోసరం మార్చేదెందుకమ్మా, వదిలెయ్," అన్నాడు.

శిబిరం దగ్గరపడింది. ఇంకో వారంలో మొదలవుతుందనగా రామచంద్రయ్య దగ్గరి నుంచి కబురు. ప్రారంభించడానికి వస్తానన్న నాయకుడికి ఆ తేదీ కుదరదట. శిబిరాన్ని ముందుకు జరిపి ఎల్లుండే పెట్టేశారు. టెక్నీషియన్లు కూడా సరేనన్నారు.

"రసీదుల మీద పాత తేదీ ఉంది సార్. వాళ్ళకెలా తెలుస్తుంది?"

"వెబ్‌సైట్‌లో మార్చేయండమ్మా. దానికే గదా మిమ్మల్ని పెట్టుకునింది."

"వాళ్ళు వెబ్‌సైట్ ఇంకోసారి చూడరు సార్. మొదటిసారి కూడా వాళ్ళు చూడలేదు, ఇంటర్నెట్ సెంటర్ వాళ్ళు చూశారు."

"సూడమ్మా, నాకు స్టేజీ పనుంది, భోజనాల పనుంది. పేపరోళ్ళకి సెప్పుకోవాల. మీ పని మీరు సేయండి."

నేనూ షమీమ్ ఫోన్లు పట్టుకుని కూర్చున్నాం. మదనపల్లె, పుంగనూరు వైపు వాళ్ళలో చాలామందికి అందాయి. కుప్పం వైపు నంబర్లు తీస్తే వరుసగా ఒకే నంబరు. ఎన్నిసార్లు చేసినా పలికేది మురుగేశే.

"నేనేం సేసేది మేడమ్? నంబరు ఎయ్యకుంటే మీ ఫారం పోదు. అందరికీ నాదే ఏసినా. వాళ్ళు యాడుండారో నాకేం తెలుసు?" అన్నాడు. ఆయన్ను అనడానికి ఏముంది? దుకాణానికి వచ్చిన మనిషిని వెనక్కి పంపకుండా తనకు తోచింది చేశాడు.

ఊళ్ళ పేర్లు మా దగ్గర ఉన్నాయి. ఒక మనిషినీ ఆటోనూ పంపితే చెప్పి రావచ్చని అడిగాను. ట్రస్టులో అందరూ పందిరి పనిలో ఉన్నారన్నారు. షమీమ్ బస్సెక్కి వెళ్ళింది. గంగవరం దగ్గర ఇద్దరికి చెప్పింది. కుప్పం పక్క పల్లెల్లో కొందరికి చెప్పింది. గోవిందప్ప ఇంటికి తాళం వేసి ఉంది. లక్ష్మమ్మ కూలికి పోయే తోట దగ్గరే ఉంటున్నారని, ఆ తోట ఏదో సరిగ్గా తెలియదని, వస్తే చెబుతామని పక్కింటివాళ్ళు అన్నారట. వాళ్ళు చెప్పలేకపోయారు.

శిబిరం ఘనంగా జరిగింది. నాయకుడు వచ్చాడు, దండలు పడ్డాయి. ఖాళీగా మిగిలిన టోకెన్ల స్థానంలో ఎవరూ లేక టెక్నీషియన్లు ఒక పూట చేతులు ముడుచుకుని కూర్చున్నారు. తర్వాత సామాన్లు సర్దుకుని వెళ్ళిపోయారు.

పాత తేదీ రోజు నేను పుంగనూరు వెళ్ళాను. ఎవరైనా వస్తే చెప్పడానికి ఒక మనిషైనా అక్కడ ఉండాలనిపించింది. ట్రస్టు నుంచి ఎవరూ ఉండరని నాకు తెలుసు. శిబిరం పెట్టిన కల్యాణ మండపంలో ఆ రోజు పెళ్ళి జరుగుతోంది. గేటు దగ్గర అరటి చెట్లు కట్టి, మైకు పెట్టి ఉంది. పక్కన నిలబడ్డాను. చౌడేపల్లె నుంచి ఒకాయన వచ్చాడు, విషయం విని నన్ను నాలుగు తిట్టి వెళ్ళాడు. తిట్లు పడ్డాను. ఆ తర్వాత ఆటోలోంచి గోవిందప్ప, లక్ష్మమ్మ దిగారు. పలమనేరులో బస్సు మారి వచ్చారట. ఆయన ఉతికిన తెల్ల పంచె కట్టుకున్నాడు. ఆమె చేతిలోని సంచిలో ఒక జత కొత్త చెప్పులు ఉన్నాయి. జత.

"ఏమ్మా, ఈడ పెండ్లి జరగతా ఉండాదే? మనది యాడ?" అంది లక్ష్మమ్మ.

చెప్పాను. ఆమె నా మొహం వంక చూస్తూ నిలబడింది. అర్థం కాలేదనుకుని మళ్ళీ చెప్పాను.

"అర్థమయిందిలేమ్మా. ముందుకు జరిపినారు. మాకు సెప్పలేదు. అంతే గదా?" అన్నాడు గోవిందప్ప.

రామచంద్రయ్యకు ఫోన్ చేసి, వాళ్ళతో మీరే ఒక మాట మాట్లాడండి అన్నాను. "ఇప్పుడు నేనేం మాట్లాడేది? పెండ్లి మనవాళ్ళదే. నా పేరు సెప్పి భోజనం పెట్టించి పంపీమ్మా పాపం," అన్నాడు. ఆ మాట వాళ్ళకు చెప్పకుండా ఉండాల్సింది. ఆకలిగా ఉంటారేమోనని చెప్పాను.

"పిలవని పెండ్లిలో యాల తింటాం? మేం కాలు కోసరం వచ్చినాం," అన్నాడు గోవిందప్ప. కర్రలు సర్దుకుని వెనక్కి తిరిగాడు. బస్టాండు దాకా వాళ్ళతో వెళ్ళాను.

ఆ నెలలోనే ట్రస్టు నుంచి ఇంకో పని చెప్పారు. డేటాబేస్‌లో ఒక్కొక్కరి పేరు పక్కన స్టేటస్ అనే గడి ఉంటుంది. ఆ మనిషి సంగతి ఎంతవరకు వచ్చిందో చెప్పే గడి. నమోదైంది, హాజరయ్యారు, కాలు అందుకున్నారు, ఇలా. నమోదైన వాళ్ళందరినీ "కాలు అందుకున్నారు" అని మార్చమన్నారు. వార్షిక నివేదికలో బాగుండాలట. షమీమ్ చేయనని చెప్పేసింది, నేనూ అదే చెప్పాను.

"ఒక బటన్ నొక్కేదానికి ఇంత రాద్ధాంతమా?" అన్నాడు రామచంద్రయ్య. సాఫ్ట్‌వేర్ ఆయనది, దాని తాళంచెవి లాంటి అడ్మిన్ పాస్‌వర్డ్ ఆయన దగ్గరే ఉంది. ఎవరో నొక్కారు.

మరుసటి ఏడాది మదనపల్లెలో వేరే సంస్థ ఇలాంటి శిబిరమే పెట్టింది. దాని సాఫ్ట్‌వేర్ మాది కాదు. ఒక మధ్యాహ్నం లక్ష్మమ్మ ఆయాసపడుతూ మా మెట్లెక్కి వచ్చింది. గోవిందప్ప కింద మందుల షాపు అరుగు మీద కూర్చున్నాడు.

"మేడమ్మా, మా ఆయనకి పోయినేడే పుంగనూరులో కాలు ఇచ్చేసినారంట. రెండోతూరి ఇయ్యరంట. కంప్యూటర్లో ఉండాదంట," అంది. ఒకరే రెండుసార్లు తీసుకోకుండా ఈ సంస్థ వాళ్ళు పాత శిబిరాల వివరాలు తెప్పించుకున్నారు. అందులో గోవిందప్ప పేరు పక్కన ఆ మాట ఉంది.

"మనిషి ఎదురుగా నిలబడుకోనుండాడు గదయ్యా, పంచె ఎత్తి సూపిస్తా ఉండాడు గదా అంటే, కాలు అమ్ముకోనుంటారు అనిరి," అని గొంతు తగ్గించింది. "మీ కంప్యూటర్లో మా ఆయన నడస్తా ఉండాడమ్మా. అట్లే ఒక తూరి నాకూ సూపించండి, సూస్తాను."

వాళ్ళను వెంటబెట్టుకుని శిబిరం ఆఫీసుకు వెళ్ళాను. పుంగనూరు శిబిరం సాఫ్ట్‌వేర్ చేసింది మేమేనని, గోవిందప్పకు కాలు అందలేదని, ఆయన ఉత్తినే తిరిగి వెళ్ళిన రోజు నేను అక్కడే ఉన్నానని చెప్పాను. అక్కడి ఇన్‌చార్జి మర్యాదగానే విన్నాడు. "ట్రస్టు నుంచి ఒక కాగితం తెండి మేడమ్, ఈ రోజే కొలతలు తీస్తాం," అన్నాడు.

అక్కడి నుంచే పుంగనూరు బస్సెక్కాను. రామచంద్రయ్య అంగట్లో చీరలు చూపిస్తున్నాడు. బేరం అయ్యేదాకా ఉండి విషయం చెప్పాను.

"ఇప్పుడు రాసిస్తే ముందు సెప్పిందంతా అబద్ధమైపోతాది గదమ్మా."

"అది అబద్ధమే కదా సార్."

"ఆ మాట నువ్వంటే ఏం గాదు. నేను రాసిస్తే అవుతాది," అని చీరలు మడతపెట్టుకోసాగాడు. "ఇంకో శిబిరం పెడతాంలే. మొదటి పేరు ఆయనదే రాసుకో."

అలాంటి శిబిరం మళ్ళీ జరగలేదు. మదనపల్లెది ముగిసిపోయింది.

తర్వాత షమీమ్ తెలిసినవాళ్ళ ద్వారా బెంగళూరులో కృత్రిమ అవయవాలు చేసే ఒక చోటు కనుక్కుంది. అప్పటికి చాలా కాలం గడిచిపోయింది. గోవిందప్ప, లక్ష్మమ్మ, నేను కుప్పంలో రైలెక్కి వెళ్ళాం. అక్కడి టెక్నీషియన్ గోవిందప్ప మోకాలిని పట్టుకుని చాపడానికి చూశాడు. అది రాలేదు. ఎప్పుడూ వంచి, కర్రల మీదే నడవడం వల్ల కీలు అలాగే బిగుసుకుపోయిందని, నిటారుగా రాని మోకాలికి కాలు అమర్చితే బరువు ఆగదని చెప్పాడు. ఆపరేషన్ సంగతి అడిగితే, చక్కెర జబ్బు ఉన్న మనిషికి వద్దన్నాడు. ఏడాది కిందట తీసుకొచ్చి ఉంటే సులభంగా అయ్యేదని కూడా అన్నాడు. ఆ మాట ఆయన కన్నడంలో అన్నాడు. సరిహద్దు మనుషులు, గోవిందప్పకు కన్నడం బాగా వచ్చు.

"సరే, పా, పోదాం," అన్నాడు భార్యతో.

తిరుగు రైల్లో లక్ష్మమ్మ ఒక్క ప్రశ్నే అడిగింది. "ఆ పుంగనూరు అయ్యకి తెలుసునామ్మా, ఇట్లయిందని?"

తెలియజేస్తానన్నాను. తెలియజేశాను కూడా. "అయ్యో పాపం" అన్నాడాయన, నిజంగానే బాధపడుతున్న గొంతుతో. ఆ గొంతు మీద నాకున్న కోపం ఈ రోజుకీ తగ్గలేదు. కసాయితనం అయితే ఎదిరించడానికి ఏదో ఉండేది.

ఆ తర్వాత మా పని పద్ధతి మార్చుకున్నాం. మా సాఫ్ట్‌వేర్‌లో తేదీ మార్చాలంటే, నమోదైన ఒక్కొక్కరికీ ఎవరు, ఎలా చెప్పారో నింపాకే మారుతుంది. ఫోన్ లేనివాళ్ళకు ఊళ్ళో కబురందించే మనిషి పేరు రాసే గడి పెట్టాం. అందరి స్టేటస్‌నూ ఒకేసారి మార్చే బటన్ మాత్రం ఎవరడిగినా పెట్టలేదు. ఇదంతా చాదస్తమని వేరేవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయిన సంఘాలు చాలా ఉన్నాయి. వాళ్ళకు కావలసిన బటన్ వాళ్ళకు దొరికే ఉంటుంది.

ప్రోగ్రాము తప్పు లేకుండా నడిస్తే పని బాగా చేసినట్టేనని చదువుకునేటప్పుడు అనుకునేదాన్ని. గోవిందప్ప విషయంలో మా ప్రోగ్రాము ఒక్క తప్పూ చేయలేదు. నొక్కినవాళ్ళు నొక్కింది దాచుకుంది, అడిగినవాళ్ళకు అదే చూపించింది. ఎదురుగా పంచె ఎత్తి చూపిస్తున్న మనిషి మాట దాని ముందు చెల్లలేదు. ఆ మనిషి మాట కూడా చెల్లడానికి చోటు ఉంచడం నా పనిలో భాగమేనని నేను నేర్చుకున్నాను. నేర్చుకునేటప్పటికి ఆయన మోకాలు బిగుసుకుపోయింది.