ఇరవై నిమిషాల సముద్రం

మా పెంబా దీవిలో సముద్రం దాటే ముందు ఇరుగుపొరుగు దగ్గర తప్పులన్నీ ఒప్పుకుని క్షమించమని అడుగుతాం. తెరచాప పడవ అవతలి ఒడ్డున టాంగా రేవు చేరుతుందో లేదో దేవుడికే తెలుసు కాబట్టి కాదనేవాళ్ళు ఉండరు. మా సందులోని మీజే బీబీకి చాలా ఏళ్ళుగా ప్రయాణమే పడలేదు. దాంతో ఆవిడ దగ్గర తప్పులు బాగానే పోగుపడ్డాయి.

టాంగాలో కూతురు పురుడు పోసుకుంటే అల్లుడు విమానం టికెట్టు కొన్నాడు. మా బుల్లి విమానాశ్రయంలో సామాను తూచేది నేనే. అయినా ఎంతసేపు ప్రయాణమని ఆవిడ నన్ను ఒక్క మాట అడగలేదు. పడవ మీద పోయినా పైనుంచి పోయినా సముద్రం అదే కదా, దూరం ఎందుకు తగ్గుతుందని ఆవిడ లెక్క. గుమ్మం గుమ్మానికీ తిరిగి, కోడిగుడ్ల దొంగతనం దగ్గర్నుంచి చాడీల దాకా అన్నీ కక్కేసింది. అందరూ నవ్వి వదిలేశారు.

పక్కింటి షుంబానా బీబీ మాత్రం మిగిలింది. చిన్ననాటి స్నేహితురాలు. విమానాశ్రయం దాకా సాగనంపడానికి వచ్చింది. మీజే బీబీ నా తూకం బల్ల దగ్గర గొంతు సవరించుకుంది.

"షుంబానా, మీ అమ్మాయి పెళ్ళిలో పిలావు మాడింది చూడు..."

"మా ఆడపడుచు నిర్వాకం! ఆ మహాతల్లి మొహం ఇప్పటికీ చూడను."

"ఆవిడ కాదే. పొయ్యి దగ్గరున్నది నేను. పాటలు వినపడితే కాళ్ళాగక ఆడటానికి పోయాను."

షుంబానా బీబీ మొహం తెల్లబోయింది. కళ్ళు తుడుచుకుంది. "సముద్రం మీద పోతున్నదానివి, నిన్నేమంటాను? క్షమించాను, పో."

మీజే బీబీ దిండూ నిమ్మకాయలూ రాత్రికి సరిపడా అన్నమూ పట్టుకుని విమానం ఎక్కింది.

షుంబానా బీబీ ఇంకా బస్సు కోసం చూస్తూనే ఉంది, ఫోను మోగింది. ఆవిడకి చెవుడు, స్పీకరు పెట్టే మాట్లాడుతుంది.

"చేరానే!"

"ఎక్కడికి, సీటు దగ్గరికా?"

"టాంగాకి! అన్నం మూత తీశాను, దిగమన్నారు. ఇరవై నిమిషాలట!"

"ఇరవై నిమిషాలకా నేనంత తప్పు క్షమించింది? ఇక్కడింకా బస్సే రాలేదు! చెల్లదు. నా మాట వెనక్కి తీసుకుంటున్నా!"

మీజే బీబీ తిరిగొచ్చేసరికి పక్కింటి తలుపు మూసి ఉంది. పంపిన చేపల కూర పంపినట్టే తిరిగొచ్చింది. ఆ దిగులుతో మీజే బీబీ సగం అయిపోయింది. ఒకరోజు నన్ను ఆపి, "ఫాకీ, ఇంకా దూరం పోయే విమానం ఏదన్నా ఉందేమిట్రా? మస్కట్ దాకా పోతే క్షమిస్తుందేమో," అంది. నవ్వాను గానీ, జాలేసింది.

ఒక శుక్రవారం ఆవిడ అరుగు మీద కూర్చుని ఉన్నాను. షుంబానా బీబీ కొత్త బట్టలు కట్టుకుని, నెత్తిన గిన్నె పెట్టుకుని వచ్చి నిలబడింది.

"మీజే, ప్రయాణమవుతున్నాను. నన్ను క్షమించు."

"ఎక్కడికే?"

"ముందు విను. పొయ్యి వదిలేసి నువ్వు పాటల్లోకి రావడం ఆ రోజే చూశాను. నిన్నంటే అలుగుతావు. నువ్వు అలిగితే నాకు పూట ఎలా గడుస్తుంది? అందుకే ఆడపడుచు మీదికి నెట్టేశాను. నువ్వు నోరు విప్పిన దగ్గర్నుంచీ నాకు నిద్ర లేదు."

మీజే బీబీ క్షమించడం కూడా మరిచిపోయి నోరు తెరుచుకుని చూస్తోంది. నేనే అడిగాను. "ఇంతకీ ప్రయాణం ఎక్కడికి బీబీ?"

"మా ఆడపడుచు ఇంటికి."

"మసీదు వెనకే కదా! నడిస్తే ఐదు నిమిషాలు."

"దూరాల సంగతి నీకేం తెలుసురా! మీజే, చెప్పులేసుకో. ఒక్కదాన్నే పోలేను."

మీజే బీబీ లేచి, గిన్నె మూత కాస్త ఎత్తి వాసన చూసింది.

"పిలావు మాడలేదు కదా?"

"నిన్ను పొయ్యి దగ్గరికి రానిస్తేగా!"